ఎడమకు దిగి కుడికి తిరిగిన నీళ్ల ట్యాంకరు

ఆ కాలంలో మా అనంతపురం పక్క తారురోడ్డంటే ఒక్క బస్సు పట్టేంత వెడల్పే. నడుమ తెల్లగీతలు, పక్కన పసుపుగీతలు, అద్దంలా మెరిసే బోర్డులు ఇవన్నీ తర్వాత వచ్చిన వైభవం. ఎదురుగా బండి వస్తే ఇద్దరూ చెరో పక్క చక్రాలు మట్టిలోకి దించాలి. వెనక బండి హారన్ కొడితే ముందు బండి పూర్తిగా ఎడమకు, మట్టిలోకి దిగాలి. దిగిందంటే "సైడిచ్చినా, పోప్పా" అన్నట్టు లెక్క. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు. కానీ శింగనమల రోడ్డు మీద తిరిగే లారీలు, బస్సులు, జీపులు, శనక్కాయల బండ్లు అన్నీ ఈ ఒక్క మర్యాదను నమ్ముకునే క్షేమంగా ఇల్లు చేరేవి. ఆ మర్యాదను ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తలకిందులు చేసిన ఘనుణ్ణి నేనే.

ఈ కథను నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను. మామూలుగా ఇలా మొదలుపెడతాను: బస్సు పిడుగులా వచ్చింది, నా ట్యాంకరును కొట్టింది, ట్యాంకరు మూడు పల్టీలు కొట్టింది, నేను గాల్లోకి లేచి కంపచెట్లలో పడి, లేచి దుమ్ము దులుపుకొని "అందరూ బాగుండారా?" అని అడిగినాను. మనవళ్లు నోళ్లు తెరుచుకొని వింటారు. (పల్టీలు మూడు కాదు. ఒకటి కూడా కాదు. బస్సు పిడుగులా రాలేదు, ఈనబోయే బర్రెలా వచ్చింది. నేను గాల్లోకి లేవలేదు, సీటు మీద నుంచి ఒక జానెడు పక్కకు జరిగాను. "బాగుండారా" అని అడిగింది కూడా నేను కాదు. ఈసారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని కూర్చున్నాను కాబట్టి ఇవన్నీ ముందే ఒప్పుకుంటున్నాను.)

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. వరుసగా వానలు ముఖం చాటేసిన కాలం. శింగనమల చెరువులో నీళ్లుండవలసిన చోట గొర్రెలు మేస్తున్నాయి. మా ఊళ్లో ఉన్న రెండు బావులూ అడుగంటితే పంచాయతీ సమితి వాళ్లు ఒక ట్రాక్టరు, దాని వెనక ఒక నీళ్ల ట్యాంకరు ఇచ్చి, "తాత్కాలికం" అని నొక్కి చెప్పి నన్ను డ్రైవరుగా పెట్టారు. చెరువు అవతల ఒక తోటలో బోరు దగ్గర నింపుకోవడం, తారురోడ్డు మీద మూడు మైళ్లు రావడం, కుడిపక్క మట్టిదారిలోకి తిప్పి ఊళ్లోకి పోవడం. రోజుకు నాలుగు ట్రిప్పులు. నేను వచ్చే వేళకు బిందెలు వరుసగా ఉండేవి, బిందెల వెనక ఆడవాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల వెనక నా పెండ్లికి సంబంధాలు చూస్తున్న మా పెద్దమ్మ ఉండేది. అంతవరకు నన్ను "ఒరే" అన్న ఊరంతా ఆ ఎండాకాలం "రాప్పా, రాప్పా" అంది. ఏ తప్పైనా చేస్తే మరునాడే తీసేస్తామని సమితి ఆఫీసులో మొదటిరోజే చెప్పారు. ఆ "రాప్పా" పోతే నేనేమవుతానో అనే భయం నాకు జీతం కన్నా ఎక్కువ ఉండేది.

ఇక నా డ్రైవింగు సంగతి. నాకు స్టీరింగు నేర్పింది మూడు రోజులు, అది ఎవరో మెకానిక్కు. అంతకు ముందు పదేళ్లు నాకు బండి నేర్పింది మా నాయన, అది ఎద్దులబండి. ఎద్దులబండిని కుడికి తిప్పాలంటే ముందు బాగా ఎడమకు పోవాలి. లేకపోతే కాడి తిరగదు, చక్రం గట్టెక్కుతుంది. "ముందు ఆపక్కకు పో, ఆమీన ఈపక్కకు రా. ఎద్దులకు జాగా ఈయల్ల" అని మా నాయన పదేళ్లు చెప్పిన మాట నా చేతుల్లోకి దిగిపోయింది. ట్రాక్టరు ఎక్కినా నా చేతులు బండి మీదే ఉన్నాయి. మా ఊరి దారి వచ్చేసరికి నేను హాయిగా ఎడమకు మట్టిలోకి పూర్తిగా దిగి, అక్కడి నుంచి పెద్ద చుట్టు చుట్టి, రోడ్డుకు అడ్డంగా కుడికి వచ్చేవాణ్ణి. చెయ్యి బయటపెట్టడం, రోడ్డు నడిమికి రావడం అనేవి నా దృష్టిలో చదువుకున్నవాళ్ల అలవాట్లు.

బస్సు డ్రైవరు గురించి చెప్పాలి. అది అనంతపురం నుంచి శింగనమల పోయే ప్రైవేటు బస్సు, పచ్చరంగుది. దాని డ్రైవరును అందరూ తుండుగుడ్డన్న అనేవాళ్లు. భుజం మీద ఎర్రటి తుండుగుడ్డ ఉండేది. అది చెమటకు కాదు, బస్సుకు. ఏ స్టాపులో ఆగినా దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడ దుమ్ము కనిపిస్తే అక్కడ తుడిచేవాడు. పద్దెనిమిదేళ్లలో ఆ బస్సుకు ఒక్క గీత కూడా పడలేదని, కోడిపిల్లను కూడా తొక్కించలేదని జనం చెప్పుకునేవాళ్లు. బస్సు యజమాని తిరుపతికి కొత్త బస్సు వేస్తున్నాడు, ఒక్క మచ్చ లేని డ్రైవరుకే దాన్ని ఇస్తానన్నాడు. అంటే తుండుగుడ్డన్నకే. ఆ సంగతి రోడ్డు మీద అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఎవరైనా అడిగితే, "రానీలేప్పా, వచ్చినప్పుడు తుడుద్దాం" అని నవ్వేవాడు.

ఆ రోజు మూడో ట్రిప్పు. ట్యాంకరు నిండుగా ఉంది. దాని కుడిపక్క కొళాయికి వాషర్ అరిగిపోయి దారి పొడవునా చుక్కచుక్కగా కారుతోంది. ఊరి దారి వచ్చింది. నేను ఎప్పటిలాగే ఎడమకు మట్టిలోకి దిగాను, ఎప్పటిలాగే కుడికి తిప్పాను. వెనక వస్తున్న తుండుగుడ్డన్న నేను సైడిచ్చాననుకొని ముందుకొచ్చాడు. నేను అడ్డం వచ్చేసరికి బ్రేకు తొక్కి, కుడికి లాగి, చేయగలిగిందంతా చేశాడు. బస్సు ఎడమ మూల నా ట్యాంకరు కొళాయిని తాకింది. కొళాయి విరిగింది. మిగిలిన ఇత్తడి మొండెం ఆ పచ్చబస్సు ఒంటి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత గీసింది. సుద్దముక్కతో బడిపిల్లవాడు గీసినట్టు ఉంది.

"బాగుండారా అందరూ?" అని అరిచింది తుండుగుడ్డన్న. నాకు నోరు పెగల్లేదు. కానీ నన్నెవరు పట్టించుకున్నారు? విరిగిన కొళాయి నుంచి నీళ్లు ధారగా పోతున్నాయి. అది చూసి ఊళ్లో నుంచి బిందెలు పరుగెత్తుకొచ్చాయి. బస్సులో వాళ్లు కూడా కిందికి దూకి, ఒకడు టిఫిన్ క్యారియరు, ఒకడు టోపీ, ఒకామె కొత్తగా కొన్న అల్యూమినియం గిన్నె పట్టారు. నేను స్టీరింగు మీద తల వాల్చి కొంచెం మూలిగాను కూడా. (దెబ్బ తగల్లేదు. ఎవరైనా జాలిపడతారేమోనని.) మా పెద్దమ్మ నా పక్క నుంచే పోతూ, "ఆమీన చచ్చిపోదువులే నాయనా, ముందు ఈ బిందె పట్టు" అంది.

ఇంకో పక్క బస్సులోని ఒక అవ్వ రోడ్డంతా కోడి వెనక పరుగెత్తుతోంది. "ఆ పాంపాం మోతకే నా పెట్ట బుట్టలోనించి ఎగిరిపాయ! ఎవురన్నా పట్టండప్పా!" అని ఆమె గోల. కోడికి కూడా దాహంగా ఉన్నట్టుంది, బురదలో నిలబడి నీళ్లు తాగుతోంది.

ట్యాంకరు ఖాళీ అయ్యాక జనానికి న్యాయం గుర్తొచ్చింది. తప్పెవరిది? మా ఊరివాళ్లంతా నా పక్క, బస్సువాళ్లంతా తుండుగుడ్డన్న పక్క. అంతలో స్టేషను నుంచి సైకిలు మీద హెడ్డు కానిస్టేబులు వచ్చాడు. ఆయన్ను గొర్రెల హెడ్డు అనేవాళ్లు. గొర్రెలు కాచే ఇంట పుట్టినవాడు. తప్పిపోయిన గొర్రె ఏ మందలో కలిసిందో అడుగు చూసి చెబుతాడని పేరు. సన్నగా, నల్లగా, మాట పెంచకుండా ఉండేవాడు. సైకిలు నిలబెట్టి, ముందు ట్యాంకరులో చెయ్యి పెట్టి చూసి, "ఒక్క చుక్క కూడా మిగలనీలేదే నాకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చెప్పుప్పా" అన్నాడు.

నేను చెప్పాను. దేవుడి దయ వల్ల అప్పటికి నోరు వచ్చేసింది. "సార్, నేను రెండు ఫర్లాంగుల ముందునించి రోడ్డు నడిమినే వస్తాండా సార్. చెయ్యి బయటపెట్టి ఊపుతాండా. ఊపి ఊపి చెయ్యి నొప్పి పుట్టె. ఈ బస్సు ఆగల్ల కదా సార్? ఆగలేదు!"

"మా పిల్లోడు నడిమినే వచ్చె సార్. నేను ఈ కండ్లతో సూస్తి" అంది మా పెద్దమ్మ.

"నువ్వు యాడుంటివి తల్లీ అప్పుడు?"

"ఇంట్లో గంగాళం కడుగుతాంటి."

"ఇల్లు అర మైలు ఉండాది కదా. ఆణ్నించి కనపడెనా?"

"కరువు కదా సార్. అడ్డం ఒక చెట్టు కూడా లేకపాయ."

హెడ్డు నవ్వలేదు. తుండుగుడ్డన్న వైపు చూశాడు. ఆయన తుండుగుడ్డతో ఆ గీతను తుడుస్తున్నాడు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. "ఆ అబ్బి ఎడమకు దిగె సార్. సైడిచ్చినాడనుకుంటి. నేను దాటుతాంటే కుడికి తిప్పె. అంతే" అన్నాడు. రెండు ఫర్లాంగులు లేవు, చెయ్యి నొప్పి లేదు. ఇంత చిన్న కథ ఎవరు నమ్ముతారులే అనుకున్నాను.

హెడ్డు రోడ్డు వెంబడి వెనక్కి నడిచాడు. ఎడమపక్క మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. మెత్తటి దుమ్ము. బిందెలతో పరుగెత్తినవాళ్లు తొక్కి టైర్ల గుర్తులను చాలావరకు చెరిపేశారు. కానీ అంచున ఒక వరుసగా చిన్నచిన్న గుంటలున్నాయి, నీటిచుక్క దుమ్ములో పడి ఆరిపోతే మిగిలే గుంటలు. ఆయన వాటిని వేలితో ముట్టి చూసి, "ఇవేమప్పా?" అన్నాడు.

"అవి నిన్నటివి సార్" అన్నాను, క్షణం కూడా ఆలోచించకుండా. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

"నిన్నటివా? సరే." లేచి చేతులు దులుపుకున్నాడు. "అయితే ఈడ తేలేదేమీ లేదు. ఊళ్లో చుక్క నీళ్లు లేవంటాండారు. ఆ కొళాయి బొక్కకు గోనెపట్ట కుక్కి, పోయి ఇంకో ట్యాంకరు తెచ్చిపెట్టుపో. కాయితాలు ఆమీన సూసుకుందాం."

నేను గెలిచాను. బోరు దగ్గరకు పోతూ గెలిచాను, నింపుకుంటూ గెలిచాను, అక్కడి తోటవాడికి ఆ గెలుపు మొత్తం చెప్పాను. (అక్కడే మొదటి పల్టీ పుట్టింది.) తిరిగి వస్తూ, సాయంత్రం రచ్చకట్ట మీద ఎలా చెప్పాలో మనసులో తయారు చేసుకుంటున్నాను. గోనెపట్ట సందులోంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి, నాకేం పట్టింది? ఊరి దారి దగ్గర కానుగచెట్టు కింద జనమంతా కూర్చొని ఉన్నారు. బస్సులో వాళ్లు కూడా పోలేదు. (అంత మంచి తగువును సగంలో వదిలి పోయేంత తొందర పనులు ఆ రోజుల్లో ఎవరికీ ఉండేవి కావు.) నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు. నాకు గర్వంగా ఉంది. ఆ గర్వంతోనే ఎడమకు మట్టిలోకి దిగాను, పెద్ద చుట్టు చుట్టాను, రోడ్డుకు అడ్డంగా కుడికి తిప్పాను.

తిప్పాక గానీ తెలియలేదు. జనం నన్ను చూడటం లేదు, నేలను చూస్తున్నారు. హెడ్డు మట్టిలో గొంతుక్కూర్చొని ఉన్నాడు. ఆరిపోయిన పాత గుంటల వరుస ఒకటి, వాటి పక్కనే, బెత్తెడు దూరంలో, ఇంకా తడిగా ఉన్న కొత్త గుంటల వరుస ఒకటి. రెండూ జోడెద్దుల్లా ఒకే వంపు తిరిగి రోడ్డెక్కాయి.

"నిన్న ఇట్లే వచ్చినావు, నువ్వే చెప్తివి. ఇప్పుడు ఇట్లే వస్తివి, మేమంతా సూస్తిమి. నడమ ఆ ఒక్క ట్రిప్పే రోడ్డు నడిమిన వస్తివా నాయనా?"

లాఠీ ఎత్తలేదు, గొంతు పెంచలేదు. ఇన్నేళ్లలో నేను కోర్టులు చూశాను, తిప్పి తిప్పి ప్రశ్నలు వేసే లాయర్లను చూశాను. తప్పు చేసినవాడి చేతనే, వాడికి తెలియకుండా, మళ్లీ అదే తప్పు చేయించి చూపినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు. జనంలో ఎవడో ఈల వేశాడు. మా పెద్దమ్మ మాత్రం ఓడిపోలేదు. "మా పిల్లోడు చానా ఒద్దికైనోడు సార్, దావ తప్పడు" అంది.

"మా నాయన గొర్రెలు కాసె" అన్నాడు హెడ్డు. "మంద ఒకసారి పోయిన దావలోనే మళ్లా పోతాది. మనిషి కూడా అంతే." తర్వాత లేచి మామూలుగా అన్నాడు, "రూపాయిలో పదహారణాల తప్పూ నీదే. రాసి సమితికి పంపిస్తా."

మా పక్క తగువులు అలాగే తేల్చేవాళ్లు, అణాల్లో. పదహారణాలూ నావే అంటే ట్రాక్టరు పోయినట్టే. బిందెల దగ్గర ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కొత్త డ్రైవరు దొరికి, అతడు వచ్చేదాకా నీళ్లెవరు తెస్తారు?

హెడ్డు ఆనవాయితీగా తుండుగుడ్డన్నను కూడా ఒకటి అడిగాడు. "నువ్వు దాటేటప్పుడు హారన్ కొడితివా?"

తుండుగుడ్డన్న నన్ను చూశాడు. బిందెల వరుసను చూశాడు. తన బస్సు మీద గీతను చూశాడు. "కొట్లేదు సార్" అన్నాడు.

కండక్టరు నోరు తెరిచాడు. కోడిని చంకలో పెట్టుకున్న అవ్వ, "అదేంది నాయనా, నా పెట్ట..." అని మొదలుపెట్టింది. "నీ పెట్ట మళ్లా ఎగిరిపోతాదవ్వా, గట్టిగా పట్టుకో" అన్నాడాయన. హెడ్డు చాలాసేపు ఆయన ముఖాన్నే చూశాడు. దుమ్ములో చుక్క కనిపెట్టినవాడికి అది కనబడకుండా ఉంటుందా?

"సైడు అడక్కుండా దాటినావంటే నాలుగణాలు నీవి" అన్నాడు చివరికి. "పన్నెండు ఈ పిల్లోనివి. తప్పు ఇద్దరిదీ అయినప్పుడు నేను రాసేదేముండాది? ఎవురి బండి వాళ్లు బాగు చేపిచ్చుకోండి." సైకిలెక్కి, పోతూ పోతూ నాతో, "ఆ కొళాయికి మంచి వాషర్ ఎయ్యప్పా. నీ గుట్టంతా కారిపోతాంది" అన్నాడు.

నా ఉద్యోగం నిలిచింది. ఆ ఎండాకాలమంతా "రాప్పా, రాప్పా" నాకే దక్కింది. కొత్త తిరుపతి బస్సు మాత్రం తుండుగుడ్డన్నకు దక్కలేదు. నాలుగణాల మచ్చైనా మచ్చేనని యజమాని దాన్ని ఇంకెవరికో ఇచ్చాడు. ఈయన పాత పచ్చబస్సు మీదే ఉండిపోయాడు. గీత మీద రంగు వేశారు గానీ ఎండ పడినప్పుడు కొత్త పచ్చ, పాత పచ్చ వేరువేరుగా కనిపించేవి.

కొన్నాళ్లకు శింగనమలలో బస్సు ఆగి ఉంటే దగ్గరకు పోయాను. ఆయన గీత ఉన్న పక్కే తుడుస్తున్నాడు. నన్ను చూసి, ఏమీ జరగనట్టు, "ముందు చెయ్యి. ఆమీన వెనక్కి సూపు. ఆమీన రోడ్డు నడిమికి. ఆమీన తిప్పుడు. నీ ట్రాక్టరు ముందర ఎద్దులు లేవురా అబ్బీ, వాటికి జాగా ఇచ్చే పనిలేదు" అన్నాడు. నేను తలూపాను. తర్వాత ధైర్యం చేసి, "అన్నా, ఆ పొద్దు నువ్వు హారన్..." అన్నాను.

తుడవడం ఆపాడు. "కొట్టినానా? నీకు ఇనబడెనా?"

ఇక్కడికి వచ్చేసరికి నేను ప్రతిసారీ మనవళ్లకు చెప్పేది ఇదీ: నేను ఆయన కాళ్ల మీద పడ్డాను, "ఇనబడింది అన్నా, నన్ను క్షమించు" అన్నాను, ఆయన నన్ను లేపి గుండెకు హత్తుకున్నాడు. మనవరాలి కళ్లలో నీళ్లు కూడా తిరుగుతాయి.

అలా జరగలేదు. ఆ రోజు హారన్ నాకు వినబడింది. రెండుసార్లు కొట్టాడు. వినబడినా, ఎద్దులకు జాగా ఇవ్వాలి కదా అని ఎడమకు దిగిపోయాను. శింగనమలలో ఆయన నా కళ్లలోకి చూసి అడిగినప్పుడు, చుట్టూ ఎవరూ లేనప్పుడు, చెబితే పోయేదేమీ లేనప్పుడు, నేనన్న మాట, "లేదన్నా, ఇనబడలే."

ఆయన "అట్లయితే నేను కొట్టుండనులే" అని తుండుగుడ్డ దులిపి, మళ్లీ గీత మీద పెట్టాడు.

తర్వాత ముప్పై ఏళ్లు రకరకాల బండ్లు నడిపాను. తిప్పే ప్రతిసారీ ముందు చెయ్యి బయటపెట్టాను, రోడ్డు నడిమికి వచ్చాను. (ప్రతిసారీ కాదు. చాలాసార్లు.) ఇప్పుడు బండి లేదు, చేతికర్ర ఉంది. సాయంత్రాలు రోడ్డు వెంబడి కిళ్లీకొట్టు దాకా పోతాను. నాలుగు వరసల రోడ్డు, ఎటు చూసినా గీతలే. వెనక ఏ బస్సైనా హారన్ కొడితే ఎడమకు మట్టిలోకి దిగి, నిలబడిపోయి, అది దాటేదాకా కుడికి తిరగను. అది పోయాక దాని వెనక దుమ్ముతో చిన్నగా ఒక మాట అంటాను. ముసలాయన తనలో తాను మాట్లాడుకుంటున్నాడని కిళ్లీకొట్టు పిల్లవాడు నవ్వుతాడు, వాడి నవ్వు చూసి నేనూ నవ్వుతాను. నేననేది ఒక్కటే మాట.

"ఇనబడిందిలేన్నా."